మా ఊళ్లో లేనంత చిన్న బోల్టు

సగం పనిచేస్తున్న వస్తువును పూర్తిగా పనిచేయించాలని విప్పి, ఉన్న సగాన్ని కూడా పోగొట్టుకోవడం అందరికీ చేతనయ్యే విద్య కాదు. నాకు చేతనైంది. అదీ టైపింగు పరీక్ష నెత్తిమీదికి వచ్చిన రోజుల్లో. పోగొట్టుకున్నదేమో ఆ పరీక్షకు నాకున్న ఒకే ఒక్క ఆధారం, ఒక పాత కీబోర్డు. అది తనంతట తాను చెడిపోలేదు. తెలివి నాకే ఎక్కువైంది.

అప్పుడు నేను గోదావరిఖనిలో అండర్‌గ్రౌండ్ గనిలో జనరల్ మజ్దూరును. ఆ హోదాలో మొదటి మాట వింటే సైన్యం గుర్తొస్తుంది, రెండో మాట వింటే నడుము గుర్తొస్తుంది. నాకైతే రెండోదే గుర్తుండేది. కప్పు ఎత్తు తక్కువున్న చోట ఏళ్ల తరబడి వంగి పనిచేసి, నిటారుగా నిలబడాలంటే గోడ సాయం కావాల్సిన దశకు వచ్చాను. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, వంగే పని మానెయ్యమన్నాడు. వంగకుండా మా బాయిలో మంచినీళ్లు కూడా తాగలేం. గనిని మేం బాయి అనే అంటాం.

సరిగ్గా అప్పుడే, లోపల పనిచేసేవాళ్లలోంచే సర్ఫేసులో, అంటే నేలపైన, క్లర్కులను తీసుకుంటామని కంపెనీ నోటీసు పెట్టింది. డిగ్రీ ఉండాలి, ఇంగ్లిషు టైపింగు రావాలి. డిగ్రీ నాకు దూరవిద్యలో వచ్చింది. టైపింగు మాత్రం దూరం నుంచి రాదు కదా. మళ్లీ అట్లాంటి నోటీసు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. జీవితంలో పైకి రావాలని లోకంలో అందరూ అంటారు. మా దగ్గర ఆ మాటకు కచ్చితమైన కొలత ఉంది. నేల మట్టానికి వస్తే చాలు.

చౌరస్తా దగ్గర నా బడి దోస్తు ఒకడికి ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అక్కడే టైపింగు మొదలుపెట్టాను. మెత్తటి కీబోర్డులు నాకు పడలేదు. పార, తట్ట పట్టిన వేళ్లు కదా, ఒక అక్షరం కొడితే పక్కనున్నవి కూడా మర్యాదకొద్దీ లేచి వచ్చేవి. ఒక మూలన మాత్రం వాడు ఎవరికీ ఇవ్వని పాత కీబోర్డు ఒకటి పడి ఉంది. ఎప్పుడో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తుంటే వచ్చిందట. లోపల ఇనుప పలక, ఒక్కో కీ కింద ఒక్కో స్ప్రింగు. ఎత్తితే చిన్న గ్యాస్ స్టవ్వంత బరువు. కొడితే టక్కున ఎదురు చెప్పేది, అక్షరం పడిందో లేదో చెవికి కూడా తెలిసేది. దాని మీద నా వేళ్లు తప్పు చేయడం మానేశాయి.

"తీస్కపోరా," అన్నాడు దోస్తు. "దీని సప్పుడుకు పక్క క్యాబిన్ల గిరాకీ నిలుస్తలేదు. నీకేంది, లోపలి మోతకు అలవాటైన మనిషివి."

ఇంకో సంగతి కూడా నా పక్షాన ఉంది. టైపు మిషన్ల కాలం నుంచి, పరీక్షకు ఎవరి మిషను వాళ్లు మోసుకుపోయే పద్ధతి ఉంది. కంప్యూటర్లు వచ్చాక మిషను పోయింది, పద్ధతి మిగిలింది. ఎవరి కీబోర్డు వాళ్లు తెచ్చుకోవచ్చని నోటీసులోనే రాశారు. ఇంట్లో అప్పటికే ఒక పాత కంప్యూటర్ ఉంది. దానికి ఈ కీబోర్డు తగిలించి, క్లర్కు కుర్చీలో సగం కూర్చున్నట్టే సంబరపడ్డాను.

కొన్నాళ్లకు మధ్య వరసలో కొన్ని కీలు పలకడం మానేశాయి. మా ఊళ్లో ఏది చెడిపోయినా మొదటి ముద్దాయి బొగ్గు దుమ్మే. దండెం మీద చొక్కా నల్లబడినా అదే, ఫ్యాను ఆగిపోయినా అదే. లోపల దుమ్ము చేరిందని నాకు నేనే తీర్పు ఇచ్చుకుని, మరలు విప్పి, పైడొప్ప తీసి, బోర్లించి, వీపు మీద నాలుగు చరిచాను. టప్ టప్‌మని ఏవో తెగిన చప్పుడైంది. ఇనుప పలకను కింది పలకకు పట్టి ఉంచేవి సన్నటి ప్లాస్టిక్ మేకులు. వయసు మీదపడి పెళుసెక్కి ఉన్నాయి. నేను చరిచిన చరుపుకు వాటి తలలు వరసగా ఎగిరిపోయాయి. పలకలు రెండూ దేనికదిగా విడిపోయాయి. స్ప్రింగులు మంచం కిందికి పరుగెత్తాయి.

నా భార్య చీపురుతో వాటిని ఒక్కచోటికి ఊడ్చి, "ఇవి గూడ కావాల్నా, పారబొయ్యాల్నా?" అని అడిగింది. ఆమె గొంతులో వెటకారం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. మా ఆయన పైకొస్తాడని ఆమె అప్పటికే ఇద్దరు ముగ్గురికి చెప్పుకుని ఉంది.

దోస్తు ఇంటర్నెట్టులో వెతికి దారి కనిపెట్టాడు. ఎక్కడో ఎవరికో ఇట్లాగే జరిగిందట. మిగిలిన ప్లాస్టిక్ మొదళ్లు చెక్కేసి, అదే చోట రంధ్రాలు చేసి, చిన్న బోల్టులు వేసి, వెనక నట్లు బిగించాలి. బోల్టు రెండు మిల్లీమీటర్ల లావు ఉండాలి, అంతకు మించకూడదు. నాకు నవ్వొచ్చింది. గోదావరిఖనిలో బోల్టుకు కరువా? మా ఊరు నిలబడిందే బోల్టు మీద. మా తలల మీద కప్పు కూలకుండా పట్టుకునేది బోల్టు. బొగ్గు మోసే బెల్టు నడిపేది బోల్టు. కాకపోతే మా బోల్టులను వేళ్లతో పట్టుకోరు, భుజాన వేసుకుని మోస్తారు. ఈ చిన్న తేడాను నేను లెక్కలోకి తీసుకోలేదు.

షిఫ్టుకు దిగేముందు ఈ సంగతి క్యాంటీన్‌లో చెప్పాను. అది నా రెండో పొరపాటు. మా దగ్గర ఒకరికి ఏదైనా తక్కువైతే, కొనుక్కోమనరు. తెచ్చిపెడతారు. మర్నాటి నుంచి చాయ్ గ్లాసు పక్కన బోల్టులు చేరడం మొదలైంది. స్క్రాపులో ఏరినవి, సైకిలుకు మిగిలినవి, ఇంటి తలుపు నుంచి పీకినవి. ఒకాయన బొటనవేలంతది తెచ్చి నా ముందు పెట్టాడు.

"గింతకన్న బారీకుది నా సర్వీసుల చూడలే తమ్మీ," అన్నాడు.

"ఇది నా కీబోర్డు కన్నా బరువున్నది కాక."

"మంచిదే గద. ఊడిపోదు."

కాదంటే బాధపడతారని అన్నీ జేబులో వేసుకునేవాణ్ణి. నడుము నొప్పికి వెతుక్కున్న ఉపాయం, నడుము మీద ఇంకింత బరువు పెట్టింది.

అందరికన్నా ఎక్కువ పట్టించుకున్నది మా బావ. అక్క భర్త. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే హాలేజీలో ఫిట్టరు. మా క్వార్టరు, వాళ్ల క్వార్టరు ఒకే గోడకు అటూ ఇటూ. ఆయన విడిపోయిన పలకలను చేతిలోకి తీసుకుని, తాడు తెగిన టబ్బును చూసినట్టు చూశాడు.

"వెల్డింగ్ కొడ్తే?"

"ప్లాస్టిక్ బావా."

"ప్లాస్టిక్‌తోని మిషన్ జేసినోనిది తప్పు," అని తేల్చేసి, ఆ తప్పు నాది కాదన్నట్టు నా భుజం తట్టాడు.

కళ్యాణ్‌నగర్ వైపు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన హార్డ్‌వేర్ దుకాణం ఉండేది. ఆయన నా మాట మొత్తం విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పావంగుళం కంటే చిన్నది అడిగినవాళ్లు ఇంతవరకూ లేరండీ. ఈ ఊళ్లో ఎవరు బోల్టు కొన్నా ఏదో ఒకటి మోయించడానికే కొంటారు. మీరేం మోయిస్తారు?"

"అక్షరాలు," అన్నాను.

"వాటికి బరువుంటుందా అండీ?" అని నిజంగానే అడిగాడు. ఉంటుందని అప్పటికే నాకు తెలిసొచ్చింది. గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి పొమ్మన్నాడు.

చాచా డబ్బా మూత తీసి చూపించాడు. ఆవగింజల్లాంటి మరలు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇవి స్క్రూలు బేటా. గడియారంల స్క్రూ ఉంటది, నట్టు ఉండది. నీకు నట్టు గావాలె. మరి పొడుగు గూడ సాలదు." ఒకచోట బోల్టు ఉంటే లావు, ఇంకోచోట సన్నం ఉంటే నట్టు లేదు. పరీక్షేమో దగ్గరికొస్తోంది. ఊరంతా నాకు సాయం చేస్తోంది, నా చేతికి మాత్రం ఏదీ అందడం లేదు.

చివరికి దోస్తు సామాను కోసం హైదరాబాద్ వెళ్తూ, కోఠిలో దొరుకుతాయని మాటిచ్చాడు. దొరికాయి కూడా. తను అక్కడ ఒక పెళ్లికి ఆగాలి కాబట్టి, పొట్లం కట్టి మా వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తానని ఫోన్ చేశాడు. ఏ రోజు, ఏ బస్సు అని నేను అడగలేదు. ఎప్పుడొస్తే అప్పుడు డిపోలో తీసుకోవచ్చనుకున్నాను.

అవి తెలంగాణ కోసం ఊరూరా రోడ్ల మీదికి వస్తున్న రోజులు. మా బాయి నుంచి కూడా రాస్తారోకోకు పోయేవాళ్లం. ఆ రోజు రాజీవ్ రహదారి మీద అడ్డంగా కూర్చున్నాం. నడుము నొప్పి ఉన్నా నేను ముందు వరసలోనే ఉన్నాను, ఎందుకంటే కూర్చోవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన ఉద్యమం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఒకటి మా ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి బతిమాలాడు.

"అన్నా, జర పోనియ్యుండ్రి. సవార్లు దిగిండ్రు గని, పార్శిళ్లున్నయ్ లోపల. ఎవలయో ఏమో."

నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు నాకు లేవడానికి గోడ కూడా అక్కర్లేకపోయింది. "పార్శిల్ ముఖ్యమా, రాష్ట్రం ముఖ్యమా?" అని గట్టిగా అడిగాను. చుట్టూ చప్పట్లు కొట్టారు. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పుకుని కరీంనగర్ వైపు పోయాడు. నా జీవితంలో నా మాటకు చప్పట్లు పడింది అప్పుడొక్కసారే.

సాయంత్రం దోస్తు ఫోన్. "ముట్టిందా? పొద్దుగాల ఎక్స్‌ప్రెస్‌ల పంపిన."

ఏ ఎక్స్‌ప్రెస్సో ఈసారి అడగాల్సిన పనిలేకపోయింది. రాష్ట్రమే ముఖ్యం, అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ ఒక్క బస్సును వేరేవాళ్లెవరైనా ఆపి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది. ఆ తర్వాత బస్సులు నడిచినన్ని రోజులు నడిచాయి, ఆగినన్ని రోజులు ఆగాయి. ఆ డ్రైవరు ఎటు డ్యూటీకి పోయాడో, పొట్లం ఎక్కడ ఉందో తెలియలేదు.

అప్పుడు బావ బైండింగ్ వైరు చుట్ట పట్టుకొచ్చాడు. రెండు పలకలనూ కలిపి, అడ్డంగా నిలువుగా వైరు చుట్టి, పట్టకారుతో మెలిపెట్టి బిగించాడు. చూడ్డానికి కట్లు కట్టిన రోగిలా ఉంది కానీ, ఆశ్చర్యం, కీలన్నీ పలికాయి. బోల్టులు లేకపోతేనేం, పరీక్ష గట్టెక్కవచ్చని నాకు మళ్లీ ఆశ పుట్టింది. ఒకటే ఇబ్బంది. ఇనుము మీద వైరు అదిరి, చప్పుడు ఇంతకుముందుకన్నా రెండింతలైంది.

ఇక్కడ మా క్వార్టర్ల మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరింట్లోనైనా నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకుని ఉంటే, ఆ వరసంతా పగలే అర్ధరాత్రి అయిపోతుంది. రేడియో గొంతు తగ్గుతుంది. కూరగాయలమ్మే అవ్వ ఆ వాకిట్లో కేకెయ్యదు. రోట్లో ఏదీ దంచరు. మా అక్క అయితే బావకు నైట్ షిఫ్టు పడిన వారమంతా మిర్చి దంచకుండా, పక్క వరస వాళ్లింటికి పోయి దంచుకొచ్చేది. ఈ మర్యాదను మీరినవాళ్లు మా కాలనీలో లేరు.

పరీక్షకు ముందు వారం బావకు నైట్, నాకు సెకండ్ షిఫ్టు. అంటే ఆయన పడుకునే పొద్దుటి పూటే నాకు టైపింగు పూట. కీబోర్డు కింద మడతపెట్టిన చద్దరు వేసుకున్నాను. ఉమ్మడి గోడకు దూరంగా వంటింట్లో పీట మీద పెట్టుకుని కొట్టేవాణ్ణి. మధ్యాహ్నం నేను డ్యూటీకి పోయేవేళ లేచి కనిపిస్తే, "బావా, సప్పుడు అయితున్నదా?" అని అడిగేవాణ్ణి. "ఏం సప్పుడు? కొట్టు బామ్మర్ది, కొట్టు," అనేవాడు, ఎర్రబడిన కళ్లతో.

పరీక్ష ముందురోజు నేను డ్యూటీకి పోయేటప్పుడు, కీబోర్డు ఒకసారి చూసి పెడతానని బావ అడిగి తీసుకున్నాడు. వైరు వదులైందేమో బిగిస్తాడనుకున్నాను. పొద్దున అక్క దాన్ని తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చింది. "బావ సర్వీసింగ్ చేసిండు," అంది, నా వైపు చూడకుండా.

పరీక్ష హాల్లో తువ్వాలు విప్పి, కీబోర్డు తీగను కంప్యూటర్‌కు తగిలించాను. మిగతావాళ్లు వైర్లు చుట్టిన నా మిషన్ను చూసి నవ్వుకున్నారు. ఫరవాలేదు, చప్పుడు మొదలయ్యాక నవ్వు ఆగుతుందనుకున్నాను. మొదలుపెట్టమన్నారు. మొదటి అక్షరం కొట్టాను. చప్పుడు రాలేదు. కీ లోపలికి దిగింది, పైకి రాలేదు. మా బాయిలో దిగిన మనిషిలాగే, షిఫ్టు అయ్యేదాకా పైకి రాను అన్నట్టు అక్కడే ఉండిపోయింది. తెర మీద అదే అక్షరం వరసగా పరుగు తీసింది. గోటితో పైకి లాగాను. గోరుకు పచ్చగా, జిగటగా అంటుకుంది. గ్రీజు. హాలేజీ చక్రాలకు పెట్టే గ్రీజు. ప్రతి కీ కిందా, వెలితి లేకుండా, ప్రేమగా కూరి ఉంది.

పర్యవేక్షణకు వచ్చిన ఆఫీసరు నా వెనక ఆగాడు. "ఏమయ్యా, ఇంగ్లిషులో ఇంత పొడుగు మాట ఉందా?"

వేరే కీబోర్డు ఇప్పించమన్నాను. ఇప్పించాడు, మెత్తటిది. నా వేళ్లు దాని మీద జారాయి, గ్రీజు వల్ల కొంత, భయం వల్ల కొంత. పేరా సగంలో ఉండగానే టైమయిపోయిందన్నారు.

నోటీసు బోర్డు మీద నా పేరు లేదు. చూసొచ్చి నా భార్యకు చెప్పాను. టిఫిన్ గిన్నె తోమి, మర్నాటి షిఫ్టుకు సర్దింది.

క్యాంటీన్‌లో బావ మాత్రం నిలబడి వాదించాడు. "గ్రీజు లేకుంట నడిచే మిషన్ నా సర్వీసుల చూడలే. నేను పెట్టకపోతే గా సగం పేరా గూడ కొట్టకపోవు." అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఫిట్టరు చెయ్యి గ్రీజు డబ్బా వైపు పోవడం అంత సహజమైన సంగతి ఇంకోటి లేదు. తెలియక చేసిన మేలు అనుకుని, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నాలోనే పెట్టుకుని తిరిగాను.

కొన్నాళ్లకు పొట్లం దొరికింది. ఆ డ్రైవరు దాన్ని పారేయకుండా దాచి, మళ్లీ మా రూటుకు డ్యూటీ పడ్డప్పుడు దోస్తుకు అప్పజెప్పాడట. లోపల బియ్యపు గింజల్లాంటి బోల్టులు, వాటికి నట్లు, సూదంత డ్రిల్లు బిట్టు. అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాను. పరీక్ష అయిపోయాక అవి ఎంత అందంగా ఉన్నాయో.

అయినా బాగుచేద్దామనిపించింది. గ్రీజు కడగడానికి కిరసనాయిల్ కావాలని అక్క ఇంటికి పోయాను. బావ డ్యూటీలో ఉన్నాడు. అక్క సీసా ఇస్తూ గొణుక్కుంది.

"గంత గ్రీజు కిరసనాయిల్‌కు పోతదా. నేను వద్దన్న. ఇనలే."

"నువ్వు వద్దన్నవా? ఎందుకు అక్కా?"

ఆమె కొంగు సర్దుకుంది. ఇక దాచడం కుదరదని అర్థమైంది కాబోలు. "సప్పుడు రావద్దనే పెట్టిండురా. నైట్ షిఫ్టు జేసొచ్చి పండుకుంటే తలకాయల సుత్తె పెట్టి కొట్టినట్టు అయితుందట. బామ్మర్ది నడుము కోసం కొడ్తుండు, ఆపమని ఎట్ల చెప్పాలె అన్నడు. గ్రీజు పెడితే సప్పుడు తగ్గుతది, మిషన్ గూడ నడుస్తది అనుకున్నడు. నిద్ర లేని మనిషాయె, గంతే ఆలోచన వచ్చింది."

అంటే, నేను ఆయన నిద్ర కోసం వంటింట్లో పీట మీద వంగి కూర్చున్నాను. ఆయన నా నడుము కోసం నోరు మూసుకున్నాడు. ఇద్దరం ఒకరినొకరం అంత గౌరవించుకున్నాం కాబట్టి నేను ఇంకా కిందనే ఉన్నాను. ఒక్కమాట, జర ఆపు బామ్మర్ది, అంటే గిరాకీ లేని పూట ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి కొట్టుకునేవాణ్ణి కదా. కోపం తెచ్చుకుందామంటే ఆయన ఎర్రటి కళ్లు గుర్తొచ్చేవి. ఊరుకుందామంటే క్యాంటీన్ మాటలు గుర్తొచ్చేవి.

సెలవు రోజుల్లో కూర్చుని కీబోర్డును కడిగాను, ఆరబెట్టాను, స్ప్రింగులను పేరుపేరునా వాటి ఇళ్లకు పంపాను. బిట్టును వేళ్ల మధ్య తిప్పుతూ రంధ్రాలు చేశాను. రంధ్రం చేసి మందు పేల్చే బాయిలో డ్రిల్లింగు నాకు కొత్త కాదు. డ్రిల్లు చేశాక పేల్చకుండా వదిలేయడం మాత్రం అదే మొదటిసారి. ఒక్కో బోల్టు దించి, ఒక్కో నట్టు బిగించాను. చివరి నట్టు బిగిశాక ఒక కీ నొక్కి చూశాను. టక్. వైరు అదురు లేని, శుభ్రమైన, గట్టి చప్పుడు.

తర్వాతి వారం బావకు నైట్, నాకు సెకండ్ షిఫ్టు. పొద్దున ఆయన వచ్చి, తిని, పడుకుని, గోడ అవతల గురక మొదలయ్యేదాకా ఆగాను. వంటింటి పీట మీదికి పోలేదు. బల్లను జరిపి ఉమ్మడి గోడకు ఆనించాను. కీబోర్డు కింద చద్దరు తీసేశాను. పరీక్షలో సగంలో ఆగిపోయిన ఆ పేరా నాకు ఇంకా గుర్తుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా కొట్టాను. మళ్లీ మొదలుపెట్టాను. గురక ఆగింది. మంచం కిర్రుమంది. తలుపు తీసిన చప్పుడైంది.

బావ లుంగీ సర్దుకుంటూ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. జుట్టు లేచి ఉంది. "ఏంది బామ్మర్ది, పరీక్ష అయిపోయె గద. ఇంక ఏం కొడ్తున్నవ్?"

"ఏం లేదు బావా," అన్నాను, చేతులు ఆపకుండా. "మిషన్ జర సప్పుడు చేస్తున్నది. గ్రీజు తక్కువైనట్టుంది."

బావ మెల్లగా వెనక్కి తిరిగి అక్క వైపు చూశాడు. అక్క తన గుమ్మం ముందు రోలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన వైపు చూడకుండా మిర్చి పోసి, రోకలి ఎత్తింది.